ఓడల పండుగకు పిల్లలతో వెళ్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, అమ్మాయికి నాలుగేళ్లు. త్వరలో జరగబోయే సముద్ర ఉత్సవానికి వారిద్దరినీ తీసుకువెళ్లాలనుకుంటున్నాం. పిల్లల కార్యక్రమాల పట్టిక చూస్తే ముడులు వేయడం, పడవల తయారీ, నిధి వేట, సంకేత పతాకాలు, ముఖానికి రంగులు, ఓడల సందర్శన అంటూ చాలా పెద్దదిగా ఉంది. ఒక్క రోజులో అన్నీ చూపించాలంటే ఎలా?

జవాబు: అన్నీ చూపించాలనే ఆలోచనను ముందుగా పక్కన పెట్టమని మా మనవి. ఒక గుడారం నుంచి మరో గుడారానికి పరుగులు పెడుతూ ప్రతిచోటా ఐదు నిమిషాలు నిలబడిన పిల్లలకు సాయంత్రానికి అలసట తప్ప మరేమీ మిగలదు. మీ అబ్బాయిని పట్టిక చదివి రెండే రెండు ఎంచుకోమనండి. మీ అమ్మాయి కోసం ఒకటి మీరే ఎంచండి. ఒక ఓడ సందర్శనను మాత్రం అందరూ కలిసి చేయండి. పిల్లలు మధ్యలో ఎక్కడైనా ఆగిపోయి కదలనంటే అక్కడే ఉండనివ్వండి, మిగిలినవి మానుకోండి.

తొమ్మిదేళ్ల పిల్లవాడికి మేము మొదట సూచించేది ముడుల గుడారం. దూరం నుంచి చూస్తే అక్కడ పెద్ద ఆకర్షణ ఏమీ కనిపించదు కనుక చాలా కుటుంబాలు దాన్ని దాటుకుని వెళ్లిపోతాయి. కానీ ఓడ మీద బతికిన మనిషి పక్కన కూర్చుని, అతడు చేసే పనిని తన చేతులతో చేసే అవకాశం పిల్లవాడికి దొరికేది అక్కడే. ముందు ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ముడిని, తరువాత బౌలైన్ ముడిని నేర్పించమని అడగండి. బౌలైన్ వేయడానికి పొడవైన తాడులో ఒక చిన్న ఉచ్చు చేసి, తాడు కొసను కింది నుంచి ఆ ఉచ్చులోకి తెచ్చి, పొడవైన భాగం వెనుకగా తిప్పి, మళ్లీ అదే ఉచ్చులోంచి కిందికి దించాలి. కుందేలు బొరియలోంచి పైకి వచ్చి, చెట్టు చుట్టూ తిరిగి, మళ్లీ బొరియలోకి దూరిందని దీన్ని పిల్లలకు కథగా చెబుతారు. ఎంత బరువు పడినా ఈ ముడితో ఏర్పడిన కన్ను, అంటే తాడు వలయం, జారి బిగుసుకుపోదు, పని అయిపోయాక దాన్ని సులువుగా విప్పవచ్చు. పడవలను గట్టుకు కట్టడానికి నావికులు దీన్ని ఇష్టపడటానికి కారణం అదే. మొదటి రెండు మూడు సార్లు కుందేలు చెట్టుకు తప్పు వైపున తిరుగుతుంది, లాగగానే ముడి ఊడిపోతుంది. ఆ సమయంలో మీరు చేయి పెట్టకండి. మంచి శిక్షకుడు కూడా ముడిని తాను వేసి చూపించి ఊరుకోడు, విప్పేసి తాడును మళ్లీ పిల్లవాడి చేతికే ఇస్తాడు.

రెండోది పడవల తయారీ. ముందే కోసి ఉంచిన చెక్క ముక్కను గరుకు కాగితంతో రుద్ది, రంధ్రంలో కొయ్య నిలబెట్టి, తెరచాప కట్టి, నీళ్ల తొట్టిలో వదలడం వరకు పిల్లలే చేస్తారు. సాధారణంగా అందరూ కొయ్యను వీలైనంత ఎత్తుగా, తెరచాపను వీలైనంత పెద్దగా పెడతారు. నీటిలో వదలగానే పడవ పక్కకు ఒరిగి పడిపోతుంది. అసలు పాఠం అక్కడే మొదలవుతుంది. కొయ్యను కాస్త కత్తిరించి, పడవ అడుగున ఒక ఇనుప బోల్టును కట్టి మళ్లీ వదిలితే అదే పడవ నిటారుగా నిలబడి గాలికి సాగుతుంది. బరువు ఎంత కిందికి దిగితే నిలకడ అంత పెరుగుతుందని వేరే చెప్పనక్కరలేదు. ఆ సందర్భంలోనే స్వీడన్ యుద్ధనౌక వాసా కథ చెప్పండి. 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్‌లో తొలి ప్రయాణానికి బయలుదేరిన ఆ భారీ ఓడ సుమారు 1,300 మీటర్లు వెళ్లేసరికి గాలికి ఒరిగి, తెరిచి ఉన్న ఫిరంగి కిటికీల గుండా నీరు చేరి మునిగిపోయింది. నీటికి పైన ఉన్న భాగం బరువుకు తగిన నిలకడ కింది భాగంలో లేకపోవడమే కారణం. 333 ఏళ్ల తరువాత 1961లో దాన్ని పైకి తీశారు, ఇప్పుడు అది అదే నగరంలో ప్రదర్శనశాలలో ఉంది. తన పడవ ఒరిగిపోయిందని చిన్నబుచ్చుకున్న పిల్లవాడికి, రాజుగారి ఓడకూ అదే జరిగిందని తెలియడం ఎంతో ఊరట.

నాలుగేళ్ల పాపకు వివరణలు అవసరం లేదు. అల్యూమినియం రేకు కాగితాన్ని గిన్నెలా మలచి నీటి మీద తేలనిచ్చి, అది మునిగేదాకా ఒక్కొక్క గోలీ వేయడం ఆ వయసుకు చక్కగా సరిపోతుంది. అదే రేకును ఉండగా గట్టిగా నలిపి కొట్టి వేస్తే మునిగిపోతుందని కూడా చూపించండి. ముఖానికి రంగులు వేయించుకోవడం, సముద్రపు దొంగల వేషాలు సరదాగానే ఉంటాయి కానీ వాటి కోసం పెద్ద వరుసలో నిలబడి ఉదయమంతా పోగొట్టుకోవద్దు. ఆ రెండూ ఏ ఉత్సవంలోనైనా దొరుకుతాయి.

ప్రశ్న: సముద్ర జీవులను చేతితో తాకనిచ్చే తొట్టెలు ఉంటాయట. పిల్లలకు గానీ, ఆ జీవులకు గానీ హాని ఉండదా?

జవాబు: దగ్గర ఉండి చూసుకునే మనిషి ఉన్న తొట్టె అయితే పంపవచ్చు, ఎవరూ లేని తొట్టె అయితే వద్దు. తాకడానికి ముందు చేతులను మంచినీటితో మాత్రమే కడిగించండి. సన్‌స్క్రీన్, శానిటైజర్ వంటివి ఆ జీవులకు హాని చేస్తాయి. తాకాక మాత్రం సబ్బుతో కడగాలి. రెండు వేళ్లతో మెల్లగా, నీటిలో ఉండగానే తాకాలి, పైకి ఎత్తకూడదు. సముద్ర నక్షత్రం చర్మం మీద ఉండే సన్నని మొప్పల ద్వారా, గొట్టపు పాదాల ద్వారా నీటిలోని ప్రాణవాయువును తీసుకుంటుంది. దానికి రక్తం లేదు. ఒంటిలోని గొట్టాల్లో సముద్రపు నీటినే నింపుకుని, దాని ఒత్తిడితోనే పాదాలను కదుపుతుంది. ఈ ఒక్క విషయం చెప్పి, దాన్ని పైకి ఎందుకు ఎత్తకూడదో పిల్లలనే అడగండి, వారే చెబుతారు.

ప్రశ్న: ఆరేళ్ల మనవరాలిని ఉత్సవానికి తీసుకువెళ్లే బాధ్యత నాకు అప్పగించారు. రేవు గట్టుకు కంచె ఉండదని విన్నాను. నా వయసు అరవై ఏడు. నాకు కొంత భయంగా ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: మీ భయం సమంజసమైనదే, దాన్ని వదులుకోవద్దు. ఓడలు వచ్చి ఆనుకోవాలి, తాళ్లు అటూ ఇటూ విసరాలి కనుక పనిచేసే రేవు గట్టుకు చాలాచోట్ల కంచె ఉండదు. ఉత్సవానికి తాత్కాలికంగా పెట్టిన అడ్డుకట్టలు కూడా ఓడ ఎక్కే చోట తెరిచే ఉంటాయి. అందుచేత గట్టు మీద నడిచేటప్పుడు నీటి వైపు మీరు, లోపలి వైపు పాప ఉండాలి, చేయి వదలకూడదు. ఓడకూ గట్టుకూ మధ్య ఉండే సందు అన్నిటికంటే ప్రమాదకరమైనది. ఓడ కదిలినప్పుడల్లా అది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. ఓడలను కట్టే ఇనుప దిమ్మల మీద కూర్చోవడం, బిగిసి ఉన్న మోకులను దాటడం, వాటి పక్కన నిలబడి ఫోటోలు తీసుకోవడం వద్దు. బిగువు మీద తెగిన మోకు ఎంతో బలంగా వెనక్కి కొడుతుంది.

పడవ షికారు చేస్తే లైఫ్ జాకెట్ తప్పనిసరి. పిల్లల జాకెట్‌ను వయసును బట్టి కాదు, బరువును బట్టి ఇస్తారు. దాని మీద ఎన్ని కిలోల వారికి సరిపోతుందో రాసి ఉంటుంది, మీరే చదివి చూడండి. తలను నీటికి పైన ఉంచే కాలర్, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదే తీసుకోండి. అన్నీ బిగించాక రెండు భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకుని పైకి ఎత్తండి. అది గడ్డం మీదికో చెవుల దాకానో జారితే పెద్దదని అర్థం. వెంటనే మార్పించండి, సిబ్బంది తొందరపెట్టినా సరే. గాలి నింపే బొమ్మలు, చేతులకు తొడిగే గాలి పట్టీలు దీనికి ప్రత్యామ్నాయం కావు.

ఇంకో మాట చెప్పాలి. మునిగిపోతున్న పిల్లలు సాధారణంగా కేకలు వేయరు, చేతులు ఊపరు. నోరు నీటికి పైకి వచ్చిన ఆ క్షణం ఊపిరి తీసుకోవడానికే సరిపోతుంది. కనుక శబ్దం వినిపించలేదని ధీమాగా ఉండకూడదు, చూపు పాప మీదే ఉండాలి. ఎవరైనా నీటిలో పడితే మీరు దూకవద్దు. గట్టిగా అరిచి సాయం పిలవండి, దగ్గరలో వేలాడదీసిన లైఫ్ రింగును విసరండి, పడిన మనిషి మీద నుంచి చూపు తిప్పకుండా చేయి చాపి చూపిస్తూ ఉండండి.

జనంలో తప్పిపోయే అవకాశం కూడా ఉంది కనుక లోపలికి వెళ్లగానే కలుసుకునే చోటు ఒకటి అనుకోండి. ఫలానా తెల్ల ఓడ దగ్గర అని మాత్రం చెప్పవద్దు. సాయంత్రానికి ఆ ఓడ బయలుదేరి వెళ్లిపోవచ్చు. దీపస్తంభం, పెద్ద క్రేన్, ప్రథమ చికిత్స గుడారం వంటి కదలనివే గుర్తులుగా పెట్టుకోండి. పాప చేతి మీద మీ ఫోన్ నంబరును చెరగని సిరాతో రాయండి. తప్పిపోతే అక్కడే ఆగి, యూనిఫారంలో ఉన్నవారిని అడగమని నేర్పండి.

ప్రశ్న: మా ఏడేళ్ల బాబుకు పెద్ద శబ్దాలంటే చాలా భయం. ఫిరంగులు పేలుస్తారని, ఓడలు ఒక్కసారిగా కూత పెడతాయని తెలిసి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాం.

జవాబు: వెళ్లవచ్చు, కానీ మీ లెక్కలో వెళ్లాలి. గౌరవ వందనంగా ఫిరంగులు పేల్చే వేళలు సాధారణంగా ముందే ప్రకటిస్తారు. ఆ వేళకు దూరంగా ఉండేలా చూసుకోండి. ద్వారాలు తెరిచిన తొలి గంటలో జనం తక్కువగా ఉంటారు, శిక్షకులకు ఓపిక ఎక్కువగా ఉంటుంది. చెవులను పూర్తిగా కప్పే రక్షణ సాధనాన్ని ఇంట్లోనే కొన్నాళ్లు అలవాటు చేయించి తీసుకువెళ్లండి.

హఠాత్తుగా వచ్చే శబ్దమే పిల్లలను ఎక్కువ బెదిరిస్తుంది. అది ఎందుకు వచ్చిందో తెలిస్తే భయం కొంతైనా తగ్గుతుంది. ఓడల కూతలకు అంతర్జాతీయ నిబంధనల ప్రకారం అర్థాలున్నాయి. ఒక చిన్న కూత వేస్తే ఓడ కుడికి తిరుగుతోందని, రెండు వేస్తే ఎడమకు తిరుగుతోందని, మూడు వేస్తే ఇంజిన్లు వెనక్కి నడుస్తున్నాయని తెలుసుకోవాలి. ఐదు లేదా అంతకంటే ఎక్కువ కూతలు వెంటవెంటనే వినిపిస్తే, ఎదుటి ఓడ ఏం చేయబోతోందో తమకు అర్థం కావడం లేదని హెచ్చరిస్తున్నట్టు. చిన్న కూత సుమారు ఒక సెకను ఉంటుంది. వీటిని ఒక కాగితం మీద రాసి బాబు చేతికి ఇచ్చి, వినిపించిన కూతకు అర్థం చెప్పే బాధ్యతను అతడికే అప్పగించండి. ఫిరంగిని చూడాలని బాబే అడిగితే కిలోమీటరు దూరంలో నిలబడండి. పొగ ముందు కనిపిస్తుంది, శబ్దం సుమారు మూడు సెకన్ల తరువాత వస్తుంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ ఎదురుచూసిన శబ్దానికి హఠాత్తుగా మీద పడే గుణం ఉండదు. అయినా బాబు వద్దంటే, వద్దన్న మాటే చివరిది కావాలి. బలవంతం చేసి నిలబెట్టిన పిల్లవాడు మరుసటి ఏడాది రేవు వైపుకే రానంటాడు.

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. తమ్ముడి కోసం వెళ్దామంటే అవన్నీ చిన్నపిల్లల ఆటలని ముఖం తిప్పుకుంటోంది. ఆ వయసు వారికి అక్కడ ఏమైనా ఉంటుందా?

జవాబు: తప్పకుండా ఉంటుంది, అయితే అది పిల్లల గుడారంలో కాదు, ఓడ పైతట్టు (డెక్) మీద ఉంటుంది. ఆమెను ఆటలకు కాకుండా మనుషుల దగ్గరికి తీసుకువెళ్లండి. పడుకునే చోటు ఎంత వెడల్పు ఉంటుంది, తుఫానులో వంట ఎలా చేస్తారు, మంచినీళ్లు అయిపోతే ఏం చేస్తారు వంటి ప్రశ్నలను ఇంటి దగ్గరే రాసుకోమనండి. నావికులు ఇటువంటి ప్రశ్నలకు ఇష్టంగా జవాబిస్తారు. ఓడ గంట సంగతి అడగమనండి. కాపలా వంతు నాలుగు గంటలు ఉంటుంది, ప్రతి అరగంటకూ ఒక దెబ్బ చొప్పున పెంచుతూ పోతే ఎనిమిదో దెబ్బకు వంతు ముగుస్తుంది. నిచ్చెన మెట్ల మీద దిగేటప్పుడు ఓడ పక్కకు వీపు పెట్టకుండా మెట్ల వైపే ముఖం ఉంచి దిగాలని, ఒక చేయి తన కోసం, ఒక చేయి ఓడ కోసం ఉంచుకోవాలని అక్కడివారే నేర్పుతారు. పలుచని రబ్బరు అడుగు ఉన్న బూట్లు వేసుకుని రావాలి, ఎత్తు మడమల బూట్లు పనికిరావు.

సరుకు ఓడ పక్కన ఒక వృత్తం, దాని మధ్యగా అడ్డగీత, ఆ పక్కన కొన్ని గీతలు కనిపిస్తాయి. ఓడలో ఎంతవరకు సరుకు ఎక్కించవచ్చో చెప్పే గీతలు అవి. అధిక భారంతో ఓడలు మునిగి నావికులు చనిపోతుండటంతో బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్సాల్ ఏళ్ల తరబడి పోరాడారు. ఫలితంగా 1876లో అక్కడ చట్టం వచ్చింది. మంచినీటికి, ఉష్ణమండల సముద్రానికి, శీతాకాలపు సముద్రానికి వేరువేరు గీతలు ఎందుకున్నాయో ఆమెను ఊహించమనండి. ఉప్పునీటి సాంద్రత ఎక్కువ కనుక నదిలో లోతుగా దిగిన ఓడ సముద్రంలోకి రాగానే కాస్త పైకి లేస్తుంది. ఇక ఓడలోనే పనిచేయాలన్న ఆశ పుడితే, దానికీ దారి ఉంది. 1956లో ఇంగ్లండ్‌లోని టోర్‌బే నుంచి పోర్చుగల్‌లోని లిస్బన్ వరకు మొదలైన పెద్ద తెరచాప ఓడల పందేల్లో ప్రతి ఓడ సిబ్బందిలోనూ కనీసం సగం మంది 15 నుంచి 25 ఏళ్ల లోపు వారై ఉండాలన్నది నియమం. పదమూడేళ్ల అమ్మాయికి అది ఎంతో దూరంలో లేదు.

ప్రశ్న: పడవ షికారులో మా పిల్లలకు వాంతులవుతాయి. మానుకోవాలా?

జవాబు: తొలిసారి చిన్న షికారునే ఎంచుకోండి. కదలికను లోపలి చెవి ఒక విధంగా, కళ్లు మరో విధంగా చెప్పడం వల్ల ఈ ఇబ్బంది వస్తుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య వయసువారిలో ఇది ఎక్కువ. ఊపు తక్కువగా ఉండే పడవ మధ్య భాగంలో, గాలి తగిలే చోట కూర్చోబెట్టి దూరపు దిగ్మండలాన్ని చూడమనండి. ఫోను, పుస్తకం వద్దు. బయలుదేరే ముందు తేలికపాటి ఆహారం ఇవ్వండి, పూర్తిగా ఖాళీ కడుపుతో ఎక్కించవద్దు. మందులు ఇవ్వాలనుకుంటే ముందుగా వైద్యుడిని అడిగి ఇవ్వండి.

ప్రశ్న: మేము కొందరం కలిసి ఉత్సవంలో పిల్లల గుడారం నడపబోతున్నాం. స్థలం చిన్నది, కొలను లేదు, స్వచ్ఛంద సేవకులు కొద్దిమందే. ఏయే కార్యక్రమాలు పెట్టమంటారు?

జవాబు: మూడు చాలు, నాలుగోది వద్దు. మొదటిది ఓడ వేగాన్ని కొలిచే పాత పద్ధతి. చెక్క పలకకు కట్టిన తాడును కదులుతున్న ఓడ వెనుక నీటిలో వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముడులు చేతిలోంచి జారాయో లెక్కపెట్టేవారు. 28 సెకన్ల గడియారానికి ముడికీ ముడికీ మధ్య సుమారు 14.4 మీటర్లు ఉండాలి. అంత స్థలం మీకు ఉండదు కనుక 14 సెకన్లు పెట్టుకుని 7.2 మీటర్లకు ఒక ముడి వేయండి. ఒక పిల్లవాడు తాడును చేతిలోంచి జారనిస్తూ నిలబడితే, మరొకరు దాని చివర పట్టుకుని నడుస్తారు, మూడోవారు సెకన్లు చెబుతారు. గంటకు 4 కిలోమీటర్ల నడకకు రెండు ముడులు దాటతాయి. తమ నడక వేగం రెండు నాట్లని (ఓడల వేగాన్ని నాట్లలోనే కొలుస్తారు) తెలుసుకున్న పిల్లలు, ఎదురుగా నిలిచిన ఓడ ఎన్ని నాట్లు వెళ్తుందని తప్పకుండా అడుగుతారు. ఆ అంకెను దగ్గర ఉంచుకోండి. ఒక నాట్ అంటే గంటకు 1,852 మీటర్లు.

రెండోది సంకేత పతాకాలు. అంతర్జాతీయ సంకేతావళిలో ఆంగ్లంలోని 26 అక్షరాలకు 26 జెండాలు ఉన్నాయి. ఎరుపు, నీలం, పసుపు, నలుపు, తెలుపు రంగులు ఐదే ఉంటే చాలు. పిల్లలు తమ పేరులోని అక్షరాలను కాగితపు జెండాలుగా చేసి తాడుకు గుచ్చుతారు. దాదాపు ప్రతి జెండాకు ఒంటరిగా ఉన్నప్పుడు వేరే సందేశం కూడా ఉంటుందని చెప్పండి. 'A' అక్షరపు జెండా ఎగిరితే నీటి అడుగున గజ ఈతగాడు ఉన్నాడని, మెల్లగా దూరంగా వెళ్లమని అర్థం. 'O' అక్షరపు జెండా మనిషి నీటిలో పడ్డాడని చెబుతుంది.

మూడోది పడవల తయారీ. రంపాలు, కత్తులు, వేడి జిగురు తుపాకులు పిల్లల చేతికి ఇవ్వకండి. దాదాపు 20 సెంటీమీటర్ల పొడవున మెత్తని చెక్కను ముందే కోసి, రంధ్రాలు చేసి పెట్టుకోండి. పిల్లలు రుద్దడం, కట్టడం, బరువు సరిచూడడం చేస్తే చాలు. ఒక పెద్దవారికి నలుగురైదుగురి కంటే ఎక్కువమంది పిల్లలు వద్దు. మెరుపుపొడి, బెలూన్లు, థర్మోకోల్ వాడకండి. రేవు పక్కన జారిన ప్రతి ముక్కా నేరుగా సముద్రంలోకే పోతుంది. పడవలను రేవు నీటిలో వదలనివ్వకండి, తీసుకోవడానికి వంగే పిల్లలే పడతారు. వెడల్పాటి తొట్లలో బెత్తెడు లోతు నీళ్లు చాలు, అంత తక్కువ నీటి దగ్గర కూడా ఒక మనిషి నిలబడి ఉండాలి. గుడారం మూసే సమయానికి అరగంట ముందే కొత్తవారిని తీసుకోవడం ఆపండి, లేకపోతే సగం పడవతో ఏడుస్తూ వెళ్లే పిల్లలు మిగులుతారు. సేవకులు భోజనానికి వెళ్లినా, సాయంత్రం గుడారం కట్టేసినా, తొట్లలోని నీరు పారబోసి వాటిని బోర్లించి మరీ వెళ్లండి.